స్పీడ్ ఎంతని కాదు, అడ్రస్ ఉందా అని అడగండి

తెనాలిలో ఒకడు పాత ల్యాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టాడనుకుందాం. బాపట్లలో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్న ఫ్రెండ్, రేపల్లెలో ఇంట్లో ఉన్న ఇంకో ఫ్రెండ్ అందులోకి రావాలి. తెనాలివాడికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. రేపల్లెవాడి ఫోన్‌లో 5జీ ఉంది. స్పీడ్ టెస్ట్ పెడితే నంబర్లు అదిరిపోతాయి. సర్వర్‌లోకి వెళ్దామంటే మాత్రం ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’. తెనాలి నుంచి రేపల్లెకి రైలు మార్గం సుమారు 34 కిలోమీటర్లు. ప్యాసింజర్ ఎక్కిన మనిషి చేరిపోతాడు, ప్యాకెట్ మాత్రం చేరదు.

తర్వాత ఏం జరుగుతుందో మీకూ తెలుసు. యూట్యూబ్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ వీడియో చూస్తారు. రౌటర్‌లో సెట్టింగ్స్ మారుస్తారు. పని అవ్వదు. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేసేస్తారు. అయినా అవ్వదు. రౌటర్ రీసెట్ కొడతారు, ఈసారి ఇంట్లో నెట్ మొత్తం పోయి నాన్న చేత తిట్లు పడతాయి. చివరికి ‘మనకి రాదులే’ అని వదిలేస్తారు. లేదంటే ఎర్ర లైట్లు, ఆరు యాంటెన్నాలు ఉన్న ‘గేమింగ్ రౌటర్’ కార్ట్‌లో పడుతుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఈ కేసుల్లో చాలావాటిలో తప్పు ఆ కుర్రాడిది కాదు, రౌటర్‌ది కాదు, గేమ్‌ది అసలే కాదు. ఆ ఇంటికి ఇంటర్నెట్‌లో సొంత అడ్రస్ లేదు. మనకి అమ్ముతున్నది బయటికి వెళ్లే దారి మాత్రమే, ఎవరైనా మన దగ్గరికి వచ్చే దారి కాదు. ఆ సంగతి ప్లాన్ పేజీలో ఎక్కడా రాయరు. రాయాలి. రాయించుకోవాలంటే ముందు మనకి సమస్య ఎక్కడుందో పట్టుకోవడం రావాలి. కాబట్టి పని దగ్గర నుంచే మొదలుపెడదాం.

ముందు ఎర్రర్ మెసేజ్ చదవండి

చాలామంది ఎర్రర్ రాగానే విండో మూసేస్తారు. అసలు సమాచారమంతా అందులోనే ఉంటుంది.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే అది సగం శుభవార్త. మీ ప్యాకెట్ ఏదో ఒక మెషీన్ దాకా వెళ్లింది, అక్కడ ఆ పోర్టులో వినేవాళ్లు లేక వెనక్కి పంపేశారు. అంటే సర్వర్ ఆన్‌లో లేదు, లేదా పోర్ట్ నంబర్ తప్పు కొట్టారు. మైన్‌క్రాఫ్ట్‌లో ‘ఓపెన్ టు లాన్’ నొక్కి ఆడేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. పోర్ట్ మనమే సెట్ చేయకపోతే అది ప్రతిసారీ కొత్త నంబర్ తీసుకుంటుంది. నిన్నటి నంబర్ ఇవాళ పనికిరాదు.

‘టైమ్డ్ అవుట్’ అని వస్తే ప్యాకెట్ దారిలోనే మాయమైంది. ఎవరూ ‘వద్దు’ అని కూడా అనలేదు. అడ్రస్ తప్పు కావచ్చు, ఫైర్‌వాల్ నిశ్శబ్దంగా మింగేసి ఉండొచ్చు, లేదా అసలు మీ ఇంటి దాకా దారే లేకపోవచ్చు.

‘అన్‌నోన్ హోస్ట్’ అంటే పేరు నుంచి ఐపీ దొరకలేదు. స్పెల్లింగ్ చూడండి, డీఎన్‌ఎస్ చూడండి. ఇక ‘అవుట్‌డేటెడ్ క్లయింట్’ అని వస్తే పండగ చేసుకోండి. నెట్‌వర్క్ పర్ఫెక్ట్‌గా ఉంది, గేమ్ వెర్షన్లు కలవలేదు, అంతే. దీనికి కూడా రౌటర్ రీసెట్ చేసేవాళ్లు ఉన్నారు.

లోపలి నుంచి బయటికి రండి

వెతకడానికి ఒక వరుస ఉంది. సర్వర్ నడుస్తున్న మెషీన్ నుంచి మొదలుపెట్టి ఒక్కో గడప దాటుతూ బయటికి రావాలి. ఎక్కడ ఆగిందో అక్కడే సమస్య.

మొదటి గడప: సర్వర్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే గేమ్ తెరిచి 127.0.0.1 కొట్టండి. ఇది కూడా కనెక్ట్ అవ్వకపోతే సర్వరే సరిగ్గా లేవలేదు. ఇంటర్నెట్‌ని అనాల్సిన పనే లేదు.

రెండో గడప: అదే వైఫైలో ఉన్న ఇంకో ఫోన్ లేదా పీసీ నుంచి, సర్వర్ లోకల్ ఐపీతో ట్రై చేయండి. 192.168తో మొదలయ్యే నంబర్ అది. ఇక్కడ ఆగితే అనుమానం విండోస్ ఫైర్‌వాల్ మీదే. ఇంటి వైఫైని విండోస్ ‘పబ్లిక్’ నెట్‌వర్క్‌గా గుర్తు పెట్టుకుని ఉంటుంది. దాన్ని ‘ప్రైవేట్’ చేసి, ఆ సర్వర్ ప్రోగ్రామ్‌కి మాత్రమే పర్మిషన్ ఇవ్వండి. ఫైర్‌వాల్ మొత్తం పీకేయక్కర్లేదు.

మూడో గడప: రౌటర్. ఇక్కడ రెండు చిన్న విషయాలు గంటలకి గంటలు తినేస్తాయి. ఒకటి, టీసీపీయా యూడీపీయా అన్నది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ టీసీపీ 25565. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్ యూడీపీ 19132. టెరేరియా టీసీపీ 7777. వాల్‌హైమ్ యూడీపీ 2456, 2457. పాల్‌వరల్డ్ యూడీపీ 8211. బెడ్‌రాక్ సర్వర్‌కి టీసీపీ తెరిచి కూర్చుంటే తెల్లారినా ఎవరూ రారు. రెండోది, సర్వర్ లోకల్ ఐపీ మారిపోవడం. ఇవాళ 192.168.1.5కి పోర్ట్ ఫార్వర్డ్ చేస్తారు, రేపు కరెంటు పోయి వచ్చాక ల్యాప్‌టాప్‌కి 1.8 వస్తుంది. రౌటర్‌లో ఆ ల్యాప్‌టాప్‌కి ఐపీ రిజర్వ్ చేసేస్తే ఈ గోల ఉండదు.

నాలుగో గడప: బయటి ప్రపంచం. దీన్ని ఇంటి వైఫై నుంచి టెస్ట్ చేయొద్దు. మన పబ్లిక్ ఐపీని మన ఇంట్లో నుంచే కొడితే చాలా రౌటర్లు దాన్ని వెనక్కి తిప్పలేవు. అన్నీ కరెక్ట్‌గా ఉన్నా ఫెయిల్ అనే చూపిస్తుంది. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో చూడండి. పోర్ట్ చెకర్ సైట్లు వాడితే సర్వర్ ఆన్‌లో ఉన్నప్పుడే వాడండి. యూడీపీ పోర్టుల విషయంలో వాటి మాట నమ్మొద్దు.

రెండు నిమిషాల టెస్ట్

మూడు గడపలూ దాటి నాలుగో దగ్గర ఆగిపోయారా? అయితే అసలు టెస్ట్ ఇది. రౌటర్ పేజీ తెరిచి ‘వ్యాన్ ఐపీ’ అని ఉన్న నంబర్ రాసుకోండి. తర్వాత గూగుల్‌లో ‘నా ఐపీ ఎంత’ అని చూపించే ఏదో ఒక సైట్ తెరిచి, అది చూపించే ఐపీవీ4 నంబర్ రాసుకోండి. రెండూ ఒకటే అయితే మీరు అదృష్టవంతులు, పోర్ట్ ఫార్వర్డింగ్ పని చేస్తుంది.

వేరేగా ఉన్నాయా? వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ వెనకాల ఉన్నారు. ఈ పని కోసమే 2012లో ప్రత్యేకంగా పక్కన పెట్టిన సుమారు 42 లక్షల అడ్రసుల్లో ఒకటి అది. 10తో మొదలైనా చాలాసార్లు అదే కథ.

192.168 వస్తే ముందు ఇంట్లో చూడండి. కేబుల్ ఆపరేటర్ పెట్టిన ఫైబర్ బాక్స్ ఒకటి, దాని వెనక మీరు కొన్న రౌటర్ ఒకటి, రెండూ రౌటర్ పనే చేస్తుంటాయి. దీన్ని డబుల్ నాట్ అంటారు. ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాలి, లేదా మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాలి. ఇది ఇంట్లో సర్దుకునే విషయమే. కానీ దీని పైన సీజీనాట్ కూడా ఉందంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

సీజీనాట్ అంటే ఏంటో అపార్ట్‌మెంట్ లెక్కలో చెప్తాను. వందల ఫ్లాట్లకి కలిపి వీధిలోకి ఒకటే డోర్ నంబర్, ఒకడే వాచ్‌మన్. ఫ్లాట్లకి బయట కనపడే నంబర్లు లేవు. మీరు లోపలి నుంచి ఫోన్ చేసి బిర్యానీ ఆర్డర్ పెడితే, ఆ వచ్చినవాడు ఫలానా ఫ్లాట్ కోసం అని వాచ్‌మన్ రాసుకుంటాడు కాబట్టి పంపిస్తాడు. ఎవరైనా తనంతట తాను వచ్చి ‘మా ఫ్రెండ్ ఇంటికి వెళ్లాలి’ అంటే ఏ ఫ్లాట్‌కి పంపాలో వాచ్‌మన్‌కి తెలియదు. గేట్ దగ్గరే ఆపేస్తాడు. మీ ఇంటి రౌటర్‌లో పోర్ట్ తెరవడమంటే మీ ఫ్లాట్ తలుపు తీసిపెట్టడం. కింద గేట్ మూసి ఉంటే ఆ తలుపు తీసి లాభమేంటి?

బీజీఎమ్‌ఐ ఎందుకు ఆడగలుగుతున్నాం మరి? అందులో అందరూ బయటికే వెళ్తారు. మీ ఫోన్, నా ఫోన్ రెండూ కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అవుతాయి, అక్కడ కలుస్తాం. స్టీమ్‌లో ఇన్వైట్ నొక్కితే ఫ్రెండ్ వచ్చేసే చాలా గేమ్స్‌కి మధ్యలో వాల్వ్ కంపెనీ రిలే సర్వర్లు ఉంటాయి. ఇక హాట్‌స్పాట్ ఆన్ చేసి మినీ మిలీషియా ఆడిన బ్యాచ్‌కి నెట్‌తోనే పని లేదు, అందరూ ఒకే గదిలో ఉన్నట్టు లెక్క. ఇబ్బందంతా సొంతంగా సర్వర్ పెట్టుకుని, బయటివాళ్లని ‘మా ఇంటికి రండి’ అని పిలిచేవాళ్లకే.

ఇలా ఎందుకైంది?

దీన్ని ఆపరేటర్ల కుట్ర అనడం అన్యాయం. ఐపీవీ4లో మొత్తం అడ్రసులు సుమారు 429 కోట్లు. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న చివరి కోటాలోకి వచ్చేసింది. ఇప్పుడు కొత్తగా చేరే సంస్థకి ఇచ్చేది గరిష్ఠంగా 512 అడ్రసులు. ఒక చిన్న ఆపరేటర్ తెనాలిలో రెండు మూడు పేటలకి కనెక్షన్లు ఇచ్చినా ఆ 512 సరిపోవు. కాబట్టి పంచుకోవడం తప్పలేదు.

పైగా మన ఊళ్లకి ఇంటర్నెట్ వచ్చిన తీరు కూడా చూడాలి. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక ఫోన్‌లో డేటా చవకైంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, లోకల్ కేబుల్ ఆపరేటర్ల ద్వారా 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ ఇస్తామన్నారు. చిన్న ఊళ్లలో ఫైబర్ అనే మాట ఇంటింటికీ తెలిసింది ఆ రోజుల్లోనే. ఇది నిజంగా పెద్ద విషయం. కానీ అమ్మిన ప్రతిసారీ లెక్క ఒకటే: ఎన్ని ఎంబీపీఎస్, ఎన్ని జీబీ, ఎన్ని ఓటీటీలు. చూసేవాడి లెక్కలు ఇవి. పెట్టేవాడికి కావాల్సిన లెక్క అందులో లేదు.

మందు ఎప్పుడో వచ్చింది

అడ్రసుల కరువుకి మందు ఐపీవీ6. అందులో ప్రతి డివైస్‌కీ సొంత పబ్లిక్ అడ్రస్ ఇవ్వొచ్చు. కరువన్న మాటే రాదు. ఈ విషయంలో మన దేశం వెనకబడి లేదు, ముందు వరుసలో ఉంది. దేశంలో ఐపీవీ6 వాడకం 70 శాతం దాటింది, అందులో పెద్ద వాటా మొబైల్ నెట్‌వర్క్‌లదే. రేపల్లె కుర్రాడి ఫోన్‌లో జియో ఉంటే 2409తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రస్ ఇప్పటికే ఉంటుంది.

మరి ఇంటి ఫైబర్‌లో? 2022 డిసెంబర్ 31 తర్వాత ఇచ్చే కొత్త ఇంటి వైర్‌లైన్ కనెక్షన్లన్నీ ఐపీవీ6 మోయగలిగేలా ఉండాలని టెలికాం శాఖ 2021లోనే చెప్పింది. మీ కనెక్షన్ 2023 తర్వాత తీసుకున్నదైతే, ఐపీవీ6 రావట్లేదంటే మీరు అడగడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. ‘టెస్ట్ ఐపీవీ6 డాట్ కామ్’ సైట్ తెరిస్తే ఉందో లేదో అరనిమిషంలో చెప్పేస్తుంది. కొన్నిసార్లు లైన్‌లో ఉంటుంది, రౌటర్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ముందు అది చూడండి.

ఐపీవీ6 వచ్చాక చేయాల్సింది పోర్ట్ ఫార్వర్డింగ్ కాదు. రౌటర్‌లో ఉన్న ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో, మీ సర్వర్ మెషీన్‌కి, ఆ ఒక్క పోర్టుకి మాత్రమే లోపలికి అనుమతి ఇవ్వాలి. ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. విండోస్ ప్రైవసీ కోసం తాత్కాలిక ఐపీవీ6 అడ్రసులు మారుస్తూ ఉంటుంది. ఫ్రెండ్స్‌కి ఇవ్వాల్సింది ఆ తాత్కాలికది కాదు, రెండోది. ఇంకోటి, కనెక్ట్ అయ్యేవాడికి కూడా ఐపీవీ6 ఉండాలి. బాపట్ల హాస్టల్ వైఫైలో లేకపోతే వాడు తన ఫోన్ హాట్‌స్పాట్ వాడుకోవాలి. సర్వర్‌ని మాత్రం మొబైల్ డేటా మీద పెట్టొద్దు. అక్కడ ఐపీవీ6 ఉన్నా బయటి నుంచి వచ్చేవాటిని నెట్‌వర్కే ఆపేసే అవకాశం ఉంది. ఫైబర్ ఉన్నవాడే హోస్ట్.

హాస్టల్ వైఫై సంగతి కూడా ఒక మాట. ఒకే గదిలో, ఒకే వైఫైలో ఉన్న ఇద్దరికి కూడా లాన్ గేమ్ కనపడట్లేదంటే గేమ్‌ని తిట్టకండి. పెద్ద వైఫైల్లో ఒక డివైస్ ఇంకో డివైస్‌ని చూడకుండా ఐసోలేషన్ పెడతారు. వందల మంది ఉండే చోట అది సరైన పనే. దాన్ని దాటాలని చూడకండి. ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే సరిపోతుంది.

ఐపీవీ6 రాకపోతే ఈ రాత్రికి ఏం చేయాలి?

అందరూ ముందుగా వెళ్లేది హమాచీ, రాడ్‌మిన్ వీపీఎన్, జీరోటైర్, టెయిల్‌స్కేల్ లాంటివాటికి. ముగ్గురూ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు ఉంటుంది. వాచ్‌మన్ ఉన్నా, రెండు ఫ్లాట్లవాళ్లూ ఒకేసారి బయటికి ఫోన్ చేసి లైన్ కలుపుకునే ట్రిక్ ఇది. నా ఓటు జీరోటైర్‌కి లేదా టెయిల్‌స్కేల్‌కి. జీరోటైర్‌లో లాన్ లిస్టులో సర్వర్ దానంతటదే కనపడే అవకాశం ఉంది. టెయిల్‌స్కేల్‌లో కనపడదు, ఐపీ చేత్తో కొట్టాలి.

కానీ ఒకటి చూసుకోండి. ఈ ట్రిక్ ప్రతిసారీ పారదు. ఇద్దరి నాట్‌లూ మొండివైతే లైన్ నేరుగా కలవదు, మధ్యలో రిలే ద్వారా వెళ్తుంది. కనెక్ట్ అయ్యాం కదా అనుకుంటారు గానీ పింగ్ చుక్కలు చూపిస్తుంది. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. తెనాలి-రేపల్లె నేరుగా ఉంటే రానూపోనూ అర మిల్లీసెకను కూడా పట్టదు. నిజానికి నేరుగా ఉండదు, వేర్వేరు కంపెనీలైతే హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి కలుస్తాయి. అయినా అది ఆడుకోదగ్గ పింగే. అదే రిలే సింగపూర్‌లో ఉందనుకోండి, 3,000 కిలోమీటర్లు పోయి రావడానికి వెలుగుకే 30 మిల్లీసెకన్లు కావాలి. మధ్యలో ఆగే చోట్లన్నీ దానికి అదనం. టెయిల్‌స్కేల్‌లో ‘స్టేటస్’ కమాండ్ కొడితే లైన్ డైరెక్టా, రిలేనా చెప్పేస్తుంది. ఒక్కరి దగ్గర ఐపీవీ6 ఆన్ అయితే చాలు అనుకోకండి. ఇద్దరి దగ్గరా ఉంటే రిలే బదులు డైరెక్ట్ కలిసే ఛాన్స్ బాగా పెరుగుతుంది.

ప్లేఇట్ లాంటి టన్నెల్ సర్వీసులు ఇంకో దారి. మీ సర్వర్ బయటికి ఒక లైన్ వేసి ఉంచుతుంది, వాళ్లు మీకో పబ్లిక్ అడ్రస్ ఇస్తారు. ఫ్రెండ్స్ ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పింగ్ మాత్రం వాళ్ల సర్వర్ ఎక్కడుందో దాన్ని బట్టే.

చివరిది స్టాటిక్ ఐపీ. చాలా ఆపరేటర్లు నెలకి కొంత అదనంగా తీసుకుని ఇస్తారు. వారానికి రెండుసార్లు ఆడే గేమ్ కోసం దండగ. రోజూ నడిచే సర్వర్ ఉంటే, ఖర్చు నలుగురూ పంచుకుంటే, ఆలోచించొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా ఆట మధ్యలో తెగిపోతుంటే అది అడ్రస్ సమస్య కాదు, కరెంటు సమస్యో ఇంట్లో ట్రాఫిక్ సమస్యో. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఫైబర్ బాక్స్ మాత్రం ఆగిపోతుంది. చాలా బాక్సులు 12 వోల్టులవే. అడాప్టర్ మీద రాసింది చూసుకుని ఒక మినీ యూపీఎస్ కొనండి. గేమింగ్ రౌటర్ కంటే ఇది వంద రెట్లు మేలు. హోస్ట్ ల్యాప్‌టాప్‌కి వైఫై కాకుండా కేబుల్ పెట్టండి. అమ్మ ఫోన్ గ్యాలరీ మొత్తం క్లౌడ్‌కి ఎక్కిస్తున్న టైమ్‌లో అందరికీ లాగ్ వస్తుంటే అప్‌లోడ్ నిండిపోయిందని అర్థం. ఇక 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తీరం దాటినప్పటి లాంటి రోజైతే సర్వర్ సంగతి వదిలేసి ఫోన్ చార్జింగ్ కాపాడుకోండి. స్తంభాల మీద వేలాడే కేబుల్‌కి తుఫానుతో వాదించే ఓపిక లేదు.

‘ఇంత గోల ఎందుకు, సర్వర్ అద్దెకి తీసుకోవచ్చుగా?’

తీసుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్ రియల్మ్స్ ఉంది, నెలవారీ హోస్టింగ్ కంపెనీలు ఉన్నాయి. చేతిలో డబ్బులుంటే తప్పేం లేదు. కానీ చిన్న ఊళ్లో పాకెట్ మనీతో నడిచే బ్యాచ్‌కి ప్రతి నెలా కట్టడం భారమే. కట్టడం ఆపిన రోజు ఏడాదిగా కట్టిన కోట ప్రమాదంలో పడుతుంది. ఇంకో నష్టం కనపడదు. ఇంట్లో సర్వర్ పెట్టి, అది ఎందుకు కలవట్లేదో రెండు రాత్రులు వెతికిన కుర్రాడికి ఐపీ, పోర్ట్, నాట్, ఫైర్‌వాల్, డీఎన్‌ఎస్ మీద వచ్చే పట్టు సెమిస్టర్ పుస్తకంతో రాదు. ఆ కుర్రాడు ఏ తప్పూ చేయకపోయినా ‘నాకు రాదు’ అనే నిర్ణయానికి వచ్చేస్తే, పోయేది ఒక గేమ్ కాదు.

‘సీజీనాట్ ఉండటమే సేఫ్, హ్యాకర్లు రారు’ అనేవాళ్లూ ఉన్నారు. ఇందులో కొంత నిజముంది. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌షెల్ అనే లోపం బయటపడినప్పుడు, మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్‌లో ఒక చాట్ మెసేజ్‌తోనే ఆ మెషీన్‌ని చేతిలోకి తీసుకునే పరిస్థితి వచ్చింది. 1.18.1 అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. కాబట్టి తలుపు తీసేవాడు జాగ్రత్తగా ఉండాల్సిందే. సర్వర్ అప్‌డేట్ చేయండి, వైట్‌లిస్ట్ పెట్టండి, ఒక్క పోర్టే తెరవండి, ఆట అయ్యాక ఆపేయండి, ఐపీని ఇన్‌స్టా స్టోరీలో పెట్టకండి. కానీ కాపలా కాయాల్సింది ఫైర్‌వాల్. ఇంటికి నంబర్ తీసేసి ‘దొంగలు రారు’ అనడం కాపలా కాదు. దొంగతో పాటు పోస్ట్‌మ్యాన్ కూడా రాడు.

‘ఎంతమంది సర్వర్లు పెడతారు, నలుగురి కోసం ఇదంతా ఎందుకు’ అనేది మూడో మాట. గేమ్ సర్వర్లు కొందరే పెడతారు, నిజమే. కానీ కిరాణా షాపులో సీసీ కెమెరాని ఇంటి నుంచి చూడాలన్నా, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువు గట్టు మీద పెట్టిన కెమెరాని రేపల్లె నుంచి చూడాలన్నా ఇదే గేట్ అడ్డం. అందుకే ఆ వీడియో కెమెరా కంపెనీ క్లౌడ్ మీద ఆధారపడుతుంది. కాలేజీ ప్రాజెక్ట్‌ని ఇంటి పీసీలో పెట్టి లింక్ పంపాలనుకునే విద్యార్థిదీ ఇదే కథ. గేమర్లు ఈ గోడని ముందుగా గుద్దుకుంటారు, అంతే తేడా.

అడగాల్సింది మూడే ప్రశ్నలు

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడో, రీచార్జ్ చేసేటప్పుడో ఆపరేటర్‌ని ఈ మూడూ అడగండి.

ఒకటి: ‘అన్నా, మా లైన్‌లో ఐపీవీ6 వస్తుందా? రాకపోతే ఎప్పుడు ఆన్ చేస్తారు?’

రెండు: ‘మాకిచ్చే ఐపీవీ4 పబ్లిక్‌దా, సీజీనాట్‌దా? స్టాటిక్ కావాలంటే నెలకి ఎంత?’

మూడు: ‘ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా? దాని అడ్మిన్ లాగిన్ మాకిస్తారా?’

లైన్ లాగడానికి వచ్చిన కుర్రాడికి జవాబు తెలియకపోవచ్చు. అతని మీద అరవకండి. అతను పై కంపెనీ నుంచి వచ్చిన లైన్‌ని ఇంటి దాకా చేర్చేవాడు మాత్రమే. కంపెనీ కస్టమర్ కేర్‌లో కంప్లైంట్ రాయించి డాకెట్ నంబర్ తీసుకోండి. దాంతో పని జరక్కపోతే ట్రాయ్ నిబంధనల ప్రకారం అప్పీల్ చేసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఒక్కరు అడిగితే ‘ఎవడో గేమింగ్ పిచ్చోడు’ అంటారు. ఒక వీధిలో పదిమంది అడిగితే ప్లాన్ పేజీలో ఒక లైన్ పెరుగుతుంది.

రౌటర్ కొనేటప్పుడూ, రౌటర్ రివ్యూ చదివేటప్పుడూ ఇదే లెక్క. ఎన్ని యాంటెన్నాలు అనే దానికంటే ముందు ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో సొంత రూల్ పెట్టుకోనిస్తుందా, ఐపీ రిజర్వేషన్ ఉందా, అప్‌లోడ్ నిండినప్పుడు గేమ్ ట్రాఫిక్‌ని ముందు పంపే ఏర్పాటు ఉందా అని చూడండి. ఈ మూడూ చెప్పని రివ్యూ సగం రివ్యూనే. సీజీనాట్ వెనకాల ఉన్న ఇంటికి ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా పోర్ట్ తెరుచుకోదు. ఆ డబ్బుతో మినీ యూపీఎస్, ఒక నెట్‌వర్క్ కేబుల్ కొని, మిగిలినవి దాచుకోండి.

ఇంతకీ మన తెనాలి సర్వర్ సంగతి? తెనాలి ఫైబర్‌లో ఐపీవీ6 ఆన్ చేయించుకుంటే, రేపల్లెవాడు తన 5జీ నుంచి, బాపట్లవాడు తన హాట్‌స్పాట్ నుంచి నేరుగా వచ్చేస్తారు. వీపీఎన్ అక్కర్లేదు, రిలే అక్కర్లేదు, కొత్త రౌటర్ అక్కర్లేదు. మధ్యలో ఉన్నది ఒక్క సెట్టింగ్. అది ఆపరేటర్ చేతిలో ఉంది. అడిగి ఆన్ చేయించుకోండి.